ఈసీలో కనబడని అప్పు

మొన్నొక ఆదివారం ప్లాటు చూడడానికి వెళ్ళాను. వెళ్ళాననడం కంటే తోలుకుపోయారనడం న్యాయం. ఎనిమిదింటికే ఏసీ కారు వచ్చి ఇంటిముందు ఆగింది. డ్యాష్‌బోర్డు మీద శ్రీవారు, వెనక సీట్లో బ్రోచరు, ముందు సీట్లో టై కట్టుకున్న కుర్రాడు. తిరుపతి దాటి ఎంత దూరమో, ఏ పక్కో చెప్పను. చెబితే రేటు పడిపోతుందని మా బావమరిది గోల. ఆయన అప్పటికే రెండు ప్లాట్లకు అడ్వాన్సు ఇచ్చేసి ఉన్నాడు.

కమాను కొత్తది. దాని వెనక ప్రహరీ పాతది. సున్నం పెచ్చులూడగా మిగిలిన చోట "పొగ త్రాగరాదు" అన్న ఎర్ర అక్షరాలు సగం కనిపిస్తున్నాయి. లారీలు తూచే కాటాకు పచ్చరంగు కొట్టి, దానిమీద పూలకుండీలు పేర్చారు. ఇక్కడ ఏం ఫ్యాక్టరీ ఉండేదని అడిగితే, "ఏదో కెమికల్ సార్, మేం పుట్టకముందుది" అన్నాడు కుర్రాడు, అదేదో కృతయుగం సంగతైనట్టు.

"తుడా అప్రూవుడు సార్. నలభై అడుగుల రోడ్లు. కొండ కనబడతాది. సాయంత్రంపూట మేడమీద కూర్చుంటే శేషాచలమంతా మీదే."

అంకణం ఎంతని అడిగాను. చెప్పాడు. మన తిరుపతి అంకణమంటే ఆరడుగులకు ఆరడుగులు, మనిషి కాళ్ళు చాపుకుని పడుకుంటే సరిగ్గా సరిపోయే చోటు. దానికి ఆ ధర విని తల వంచుకున్నాను. తల వంచుకుంటే ఒక లాభముంది, నేల కనబడుతుంది. పైన ఎర్రమట్టి తోలి రోలరుతో తొక్కించారు. కాలువ కోసం గాడి తీసిన చోట మాత్రం ఎర్రమట్టి కింద ఇంకో పొర బయటపడింది. బూడిదరంగని అందామంటే కాదు, పచ్చదనం కలిసింది. వాడకుండా అటకమీద పారేసిన ఇత్తడి చెంబుకు చిలుము పట్టినట్టుంది. జానెడు మందం. పైనా కిందా గడ్డివేరన్నది లేదు.

"ఇదేంది బాబూ?"

"ఫిల్లింగు సార్."

"దేంతో?"

"పునాదికి గట్టిగా ఉంటాది సార్."

కాపలా పెద్దాయన ఒకాయన వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. నీళ్ళెట్లా ఉంటాయని అడిగాను. "బోరేసినారు సామీ, బాగానే పడినాయి. తాగేదానికి మాత్రం క్యాను తెప్పిస్తా ఉండారు" అన్నాడు. ఎందుకంటే, "మొక్కలకు పోస్తే మొక్కలే వద్దంటా ఉండాయి" అని నవ్వాడు. టై కుర్రాడికి ఆ నవ్వు నచ్చలేదు. వెంటనే ఫైలు తీశాడు. "సార్, ఈసీ చూడండి. ముప్పై ఏండ్లకు తీసినాం. క్లియర్."

ఈసీ అంటే నాకూ గౌరవమే. పిల్లకు జాతకం ఎట్లాగో స్థలానికి ఈసీ అట్లా. ఎవరు ఎవరికి అమ్మారు, ఏ బ్యాంకులో తాకట్టు పెట్టారు, ఎప్పుడు విడిపించారు, అన్నీ వరసగా ఉంటాయి. ఫ్యాక్టరీ నడిచేటప్పుడు తీసుకున్న అప్పుంది అందులో. మూసినప్పుడు తీర్చిన అప్పుంది. పాతికేళ్ళు రాత్రిపూట వెనకవైపు గుంటలో పోసినదాని సంగతి మాత్రం లేదు. ఎందుకుంటుంది? విషం పోసినవాడు రిజిస్ట్రారాఫీసుకు వచ్చి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించి, స్టాంపు డ్యూటీ కట్టి పోయలేదు గదా.

రైతుబిడ్డను కాబట్టి నాకు ఇంకో ఈసీ కూడా తెలుసు. వ్యవసాయశాఖ వాళ్ళకు గుప్పెడు మట్టి ఇస్తే భూసార పత్రం ఇస్తారు. అందులో పన్నెండు గడులుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు, బోరాన్ వగైరా. వాటిలో ఒక గడి పేరు ఈసీయే, మట్టిలో లవణాల లెక్క. రిజిస్ట్రారు ఈసీ అప్పు చెబుతుంది, మట్టి ఈసీ ఉప్పు చెబుతుంది. సీసం, క్రోమియం, పాదరసం ఆ రెండు కాగితాల్లోనూ ఉండవు. వరి పండుతుందా అని అడిగే ప్రభుత్వముంది, వసూలు పండుతుందా అని అడిగే ప్రభుత్వముంది. మనిషి బతుకుతాడా అని అడిగే గడి ఇంకా అచ్చు కాలేదు.

ఈ మట్టిని శుద్ధి చేసి ఇళ్ళు కట్టుకోవాలంటే డబ్బెవరిది? అడిగితే అందరూ ఆకాశం వైపు చూస్తారు. మనం బాడుగిల్లు ఇచ్చేటప్పుడు ఆకాశం వైపు చూస్తామా? ఐదారు నెలల అడ్వాన్సు ముందే గుంజుతాం. ఖాళీ చేసేరోజు గోడకు మేకు కొట్టిన చిల్లులు లెక్కపెట్టి, సున్నం ఖర్చు పట్టుకుని, మిగిలింది చేతిలో పెడతాం. ఇంటామెకు తెలిసిన ఈ ఆర్థికశాస్త్రం పరిశ్రమలశాఖకు ఎందుకు తెలియలేదో అర్థం కాదు. పోనీ ప్రభుత్వానికి అసలే తెలియదా అంటే అదీ కాదు. గని తవ్వేవాడి దగ్గర, మూసేటప్పుడు నేల సరిచెయ్యడానికి హెక్టారుకింత అని ముందే పూచీకత్తు పట్టుకునే నియమం కేంద్ర గనుల నిబంధనల్లో ఉంది. ఫ్యాక్టరీవాడి దగ్గరికొచ్చేసరికి భూమి ఇచ్చి, కరెంటు రాయితీ ఇచ్చి, రిబ్బను కత్తిరించి, చేతులు జోడించి వచ్చేస్తాం. ఖాళీ చేసేరోజు తాళంచెవి కూడా అడగం.

ఇట్లా తాళంచెవి అడగని ఇల్లు ఎట్లుంటుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. చిత్తూరులో మద్రాసు బస్సెక్కితే గంటలో రాణిపేట. తోళ్ళ కంపుకు ముక్కు మూసుకునే చోటని మనవాళ్ళకు బాగా గుర్తు. 1911లో చిత్తూరు జిల్లా పుట్టేదాకా అది మనం ఒకటే, ఉత్తర ఆర్కాటు, పెద్ద కచేరీ చిత్తూరులోనే. మన నీవా నది సరిహద్దు దాటి పొన్నై అని పేరు మార్చుకుని ఆ పక్కనే పాలారులో కలుస్తుంది. రాణిపేట పారిశ్రామికవాడలో తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ అనే కంపెనీ 1970లలో మొదలై 1995లో మూతపడింది. మూసేటప్పుడు రెండు లక్షల టన్నులకు పైబడిన క్రోమియం వ్యర్థాల గుట్టను అక్కడే వదిలారు, వాస్తు ప్రకారం బరువు ఉండాలనేమో. వానపడ్డప్పుడల్లా ఆ గుట్ట కరిగి భూమిలోకి దిగుతుంది. చుట్టుపక్కల నీళ్ళు పసుపురంగు తిరిగాయి. వచ్చిన శాస్త్రవేత్తలు రాశారు, వచ్చిన అధికారులు రాశారు. గుట్టకంటే దాని మీది నివేదికలు ఎక్కువ ఎత్తు పెరిగాయని నా అనుమానం.

చెడగొట్టినవాడే కట్టాలి అనే సూత్రం మన చట్టంలో భాగమని సుప్రీంకోర్టు 1996 ఆగస్టులో తీర్పిచ్చింది. ఆ కేసు ఎవరిదో కాదు, ఇదే పాలారు ఒడ్డున తోళ్ళ ఫ్యాక్టరీల మీద వేలూరు పౌరుల సంఘం వేసిందే. దేశానికంతటికీ ఆ సూత్రం మన పక్కింటి మురుగులోంచే చట్టంలోకి ఎక్కింది. ఆ తీర్పు వల్ల ఏర్పడ్డ అథారిటీ 2001లో లెక్క తేల్చింది: 29 వేలకు పైగా బాధితులు, సుమారు 27 కోట్ల పరిహారం. భాగిస్తే తలకు పదివేలు కూడా రాదు. బావి చెడిన రైతుకు ఆ డబ్బుతో కొత్త బావి కాదు గదా, పాత బావికి మూత కూడా రాదు. ఆ పాలారు గోడునే మళ్ళీ విని, పరిహారం ఇంకా అందనివాళ్ళకు ఇప్పించమనీ, నదిని బాగుచెయ్యమనీ అదే సుప్రీంకోర్టు 2025 జనవరిలో ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది. ఒక తరం పుట్టి, పెళ్ళి చేసుకుని, ప్లాటు కొనే వయసుకొచ్చింది ఈలోగా.

చెడగొట్టినవాడు దొరికితే గదా కట్టేది. మన తిరుపతి గంగజాతర చూసినవాళ్ళకు ఈ కథ వేరే చెప్పక్కర్లేదు. పాళెగాడు దాక్కుంటే గంగమ్మ రోజుకో వేషం వేసి వీధివీధీ వెతుకుతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం. చివరికి దొర వేషం కడితే వాడు బయటికొచ్చి చిక్కుతాడు. ఇక్కడ కథ తిరగబడింది. గంగమ్మ పొల్యూషన్ బోర్డు కుర్చీలో ఫైలు ముందేసుకుని కూర్చుని ఉంటుంది, పాళెగాడే వేషాలు మారుస్తాడు. మొదట పారిశ్రామికవేత్త. తర్వాత ఖాయిలాపడ్డ యూనిట్ యజమాని. తర్వాత దివాలా. నాలుగోరోజు దొర వేషంలో కమాను కింద నిలబడి మనకే బ్రోచరు ఇస్తాడు. జాతరలో మనం బూతులు తిట్టవచ్చు, అది మొక్కు. ఇక్కడ తిడితే పరువునష్టం.

దొరికినవాడు మాత్రం ఎంత కట్టాడు? భోపాల్‌లో విషం కక్కింది అమెరికా కంపెనీ, 1984లో. అక్కడ మిగిలిన 337 టన్నుల వ్యర్థాలను కదిలించి పీతంపూర్‌లో కాల్చడానికి 2025 దాకా పట్టింది. దానికి కేటాయించిన 126 కోట్లు మన ఖజానావి. టన్నుకు 37 లక్షల పైన పడింది. ఆ రేటును రాణిపేట గుట్టతో గుణించకండి. అక్కడి చెత్త వేరు, ఇక్కడి చెత్త వేరు, పైగా ఫోనులో క్యాలిక్యులేటరు చాలదు.

అమెరికావాళ్ళు సొంత ఇంట్లో కూడా తక్కువవాళ్ళేం కాదు. నయాగరా జలపాతం ఊళ్ళో హుకర్ అనే రసాయనాల కంపెనీ, విషపు డ్రమ్ములు పూడ్చిన కాలువ స్థలాన్ని 1953లో స్కూలు బోర్డుకు ఒక్క డాలరుకు అమ్మింది. దస్తావేజులోనే, ఇక్కడ రసాయనాలున్నాయి, ఎవరికేమైనా మాకు సంబంధం లేదు అని రాసింది. మన వెంచరువాళ్ళ కంటే నిజాయితీపరులు, కనీసం రాశారు. దానిమీద బడి కట్టారు, చుట్టూ ఇళ్ళు కట్టారు. 1978లో జనాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది. 1980లో వాళ్ళకు బుద్ధొచ్చి, చమురు, రసాయనాల కంపెనీల మీద పన్నువేసి ఒక పెద్దనిధి పెట్టారు. 1995లో కంపెనీల మీద జాలిపడి ఆ పన్ను ఆపారు. పాతికేళ్ళు జనం డబ్బుతో ఊడ్చి ఊడ్చి, 2021 తర్వాత మళ్ళీ పన్ను వేసుకున్నారు.

మనమూ నిధి పెట్టుకోలేదా? పెట్టుకున్నాం, భేషుగ్గా. 2010లో బొగ్గు టన్నుకు 50 రూపాయల సుంకంతో మొదలుపెట్టి 2016 నాటికి 400 చేశాం. స్వచ్ఛ ఇంధనం, పర్యావరణం అని దానికి పేరు. కలుషిత స్థలాల శుద్ధికి పథకాలు రాయించే ఖర్చు కూడా అందులోంచే అన్నారు. 2018 దాకా 86 వేల కోట్లు పోగైంది. ఆ డబ్బులో నిధి ఖాతాకు చేరింది 30 వేల కోట్లలోపు. ఖాతాలోంచి పనులకు వెళ్ళింది 16 వేల కోట్లలోపు. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ సుంకం పేరే మారి, రాష్ట్రాలకు నష్టపరిహారంగా పోయింది. కరెంటుబిల్లు కట్టిన ప్రతివాడూ మట్టి శుద్ధికి చందా ఇచ్చినట్టే. రసీదు మాత్రం లేదు, శుద్ధి అయిన మట్టీ లేదు.

ఉమ్మడి రాష్ట్రంలో ఒకసారి ప్రపంచబ్యాంకు దగ్గరికి కూడా పోయాం. 2010లో వాళ్ళిచ్చిన అప్పుతో మచ్చుకు రెండు చోట్లు బాగుచేస్తామని ఎంచుకున్నారు. ఒకటి మన పక్కనే కడప చెత్తదిబ్బ, రెండోది హైదరాబాదు కాటేదాన్‌లో నూర్ మహమ్మద్ కుంట. పైలెట్ అన్నారు. పైలెట్ జీపు వెనక మంత్రి కారు రావాలి గదా, ఆ కారు కోసం రోడ్డు పక్కన ఇంకా నిలబడే ఉన్నాం. అప్పు చేసి పెళ్ళిచేసుకున్న స్వామి కింద బతుకుతున్నవాళ్ళం, అప్పంటే మనకు వెరపు లేదు. స్వామికి కుబేరుడు, మనకు ప్రపంచబ్యాంకు. తేడా ఒక్కటే. ఆయన వడ్డీ కడుతున్నానని ఒప్పుకుంటాడు, ఏ కల్యాణానికి తెచ్చాడో కూడా చెబుతాడు.

డబ్బు లేదనే మాట మాత్రం నమ్మకండి. 2002లో మూతబడ్డ చిత్తూరు డెయిరీని అమూల్‌కు అప్పగించడానికి 2023 జూలైలో భూమిపూజ చేసినప్పుడు, పాతబాకీలు 182 కోట్లు ప్రభుత్వమే తీర్చిందని చెప్పుకున్నారు. మంచిదే. ఎందుకు తీర్చింది? అప్పిచ్చినవాళ్ళకు నోరుంది, కాగితముంది, కోర్టు వకీలున్నాడు. డెయిరీ నేలలో విషం లేదు కాబట్టి పేచీ లేదు. విషమున్నచోట కూడా అట్లాగే బాకీలు తీరతాయి, ఒక్క మట్టికి తప్ప. అది అప్పిచ్చినవాళ్ళ జాబితాలో పేరు రాయించుకోలేదు.

మట్టిలో సీసం గురించి మన ఉమ్మడి చిత్తూరు జిల్లా ఒక్కసారి మాత్రం గట్టిగా మాట్లాడుకుంది. 2021 ఏప్రిల్ ఆఖర్న అమరరాజా బ్యాటరీస్‌కు కరకంబాడి, నూనెగుండ్లపల్లి ప్లాంట్లు మూయమని కాలుష్య నియంత్రణ మండలి ఉత్తర్వులిచ్చింది. కంపెనీ కాదంది, హైకోర్టు ఉత్తర్వులను నిలిపింది. ఎవరిది నిజమో తేల్చడం నా పని కాదు. నేను విన్నది టీకొట్టు దగ్గర చర్చ. సీసం ఎంతుందని అడిగినవాడు ఒక్కడూ లేడు, కంపెనీవాళ్ళ సీటు ఏ పార్టీదని అడిగినవాళ్ళే అందరూ. ఒక పార్టీవాడికి మట్టి విషం, ఇంకో పార్టీవాడికి మట్టి బంగారం. మట్టిని మాత్రం పార్టీ కార్డు లేదని ఎవరూ లోపలికి రానివ్వలేదు.

ఇప్పుడు కొత్త నియమాలు వచ్చాయి. కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు, 2025 జూలైలో కేంద్రం ప్రకటించింది. చదివితే కడుపు నిండుతుంది. స్థానిక సంస్థగానీ జిల్లా యంత్రాంగంగానీ అనుమానమున్న స్థలాల జాబితా ఆరునెలలకొకసారి పంపాలి. రాష్ట్ర బోర్డు తొంభై రోజుల్లో తొలిచూపు చూడాలి. నిజమనిపిస్తే ఇంకో మూడు నెలల్లో లోతుచూపు చూడాలి. తర్వాత నిపుణుల ప్రణాళిక, తర్వాత దోషిని వెతకడం. దోషి దొరక్కపోయినా, దొరికి చేతులెత్తేసినా కేంద్రం, రాష్ట్రం కలిసి భరించాలి. నిజం చెప్పాలంటే ఇంతవరకు మనకున్న కాగితాల్లో ఇదే మంచి కాగితం. ప్రతిదానికీ గడువుంది, అసలు శుద్ధి ఎప్పటికి పూర్తికావాలో దానికి తప్ప. పెళ్ళిచూపులకు ముహూర్తం, నిశ్చితార్థానికి ముహూర్తం, తాళికి మాత్రం వీలున్నప్పుడు. నియమాలు వచ్చేనాటికి దేశం మొత్తంమీద గుర్తించిన కలుషిత స్థలాలు 103. శుద్ధి మొదలైనవి ఏడు. మన ఏడుకొండల లెక్క కలిసిందని సంతోషించాలి.

హైదరాబాదువాళ్ళు ఇంకా తెలివైనవాళ్ళు. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం, ఔటర్ రింగురోడ్డు లోపలి పాత పారిశ్రామికవాడల్లో సుమారు 9,300 ఎకరాలను ఇళ్ళకూ షాపింగ్ మాల్‌లకూ మార్చుకోవడానికి దారి తెరిచింది. రుసుము కట్టాలి. రోడ్డు ఎనభై అడుగులలోపుంటే రిజిస్ట్రేషను విలువలో 30 శాతం, ఆపైన ఉంటే 50 శాతం. రుసుము రోడ్డు వెడల్పును బట్టి, మట్టిలో విషం లోతును బట్టి కాదు. యాభై ఏళ్ళు యాసిడ్ తాగిన నేలకూ, బిస్కెట్లు చేసిన నేలకూ ఒకటే రేటు, సమానత్వమంటే అదే. స్కాము ఎంతని అప్పుడు అక్కడ రెండు పార్టీలు కోట్ల లెక్కల్లో కొట్టుకున్నాయి. డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది, కళ్ళెదురుగా. భూమి వాడకం మారినరోజు దాని ధర ఎగిరిపడుతుంది. ఆ ఎగిరిన సొమ్ములోంచి ముందు మట్టి ఖర్చు విడిగా ఒక ఖాతాలో పెట్టించి, శుద్ధి అయిందని పరీక్ష కాగితం వచ్చాకే పునాది తవ్వనివ్వాలి. దీనికి రాకెట్ శాస్త్రం అక్కర్లేదు, శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉన్నా సరే.

మా బావమరిది నిన్న ఫోను చేశాడు. నీ అనుమానాలు వెంచరువాళ్ళకు చెప్పాను బావా, వాళ్ళు చాలా మంచివాళ్ళు, ఇల్లు కట్టుకున్న ప్రతివాడికీ ఏడాదిపాటు రోజుకొక ఇరవై లీటర్ల క్యాను ఉచితమట, అన్నాడు. ఇంతసేపూ నేను నిధులని, సుంకాలని, సూత్రాలని వెతికాను గదా. మన ఊళ్ళో కలుషిత భూమికి దొరికిన ఏకైక ఆర్థిక సహాయం ఇదే. ఏడాది తర్వాత ఎవరి క్యాను వాళ్ళదే.

రిజిస్ట్రేషను శాఖ అయ్యవార్లకు ఒక విన్నపం. ఫ్యాక్టరీ నడిచిన స్థలానికి ఈసీ ఇచ్చేటప్పుడు ఒక్క గడి పెంచండి. ఇక్కడ ఏం తయారుచేశారు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, మట్టి ఎవరు పరీక్షించారు. ఈ వివరాలు ఇంకో ఆఫీసులో అనుమతుల ఫైళ్ళలో ఉన్నవే. ఒక బీరువాలోంచి ఇంకో బీరువాలోకి పోవాలి, అంతే. ఆ గడి వచ్చేదాకా, కొనబోయే అన్నలూ అక్కలూ, మధ్యాహ్నం భోజనం పెడతామని కమాను దగ్గరే కూర్చోబెడతారు, కూర్చోకండి. కాలువ తవ్విన చోటికి నడిచి వెళ్ళి గాడిలోకి ఒకసారి వంగి చూడండి.